ఎలివేషన్ సరే బేటా, దెహ్లీజ్ సంగతేంటి?



పోయిన నెల మా ఆపా కొడుకు వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపాడు. నంద్యాలలో మూడు సెంట్ల జాగాలో ఇల్లు కట్టుకుంటున్నాడు. ఇంజనీరు కంప్యూటర్లో గీసిచ్చిన త్రీడీ బొమ్మ అది. గోడకు రాతి క్లాడింగ్, పైన గాజు రెయిలింగ్, సన్‌షేడ్ కింద మూడు స్పాట్ లైట్లు, లేజర్ కటింగ్ చేసిన నల్ల గేటు. గేటు ఏడడుగుల ఎత్తు, కింది నుంచి పైదాకా ఇనప రేకు. మెయిన్ డోర్ పైన బంగారు రంగులో 'మాషా అల్లాహ్'.

"మామూ, ఎలివేషన్ కైసా హై?" అని అడిగాడు.

బాగుంది అన్నాను. బాగానే ఉంది కూడా. పిల్లాడు గల్ఫ్‌లో ఏడేళ్లు కష్టపడి సంపాదించిన డబ్బు. కానీ బొమ్మను వేళ్లతో పెద్దది చేసి ఎంత వెదికినా నాకు ఒకటి కనపడలేదు. ఆ గేటు దగ్గరికి వచ్చి సలాం చెప్పిన మనిషి ఎక్కడ నిలబడాలి? ఎండకాలం అయితే నీడేది? మా ఆపా మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లు ఎట్లా ఎక్కుతుంది? అదే అడిగాను. "అవన్నీ తర్వాత చూసుకుంటాం మామూ, ముందు లుక్ సెట్ కావాలి" అన్నాడు.

వాడిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఎందుకంటే పదిహేనేళ్ల కింద నేనూ అదే మాట అన్నాను. ఆ మాటకు ఏం ఖరీదు కట్టానో వాడికి ఫోన్లో చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నా. ఇల్లు కట్టుకునేవాళ్లు, రంజాన్‌కు ముందు ఇంటికి రంగులు వేయించేవాళ్లు చదివితే చాలు.

మా ఇల్లు కర్నూలు పాతబస్తీలో. ఇంటిముందు ఆరడుగుల జాగా, దానిలో ఒక అరుగు. అబ్బా దాన్ని చబూత్రా అనేవారు, మా వీధిలో తెలుగువాళ్లు అరుగు అనేవాళ్లు. బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన మామూలు అరుగు. అబ్బా ఫజర్ నమాజ్ నుంచి వచ్చి బకెట్‌తో నీళ్లు చల్లి, చీపురుతో తోసి, అక్కడే కూర్చుని పేపర్ చదివేవారు. ఉర్దూ పేపర్ ఆయన చేతిలో, తెలుగు పేపర్ ఎదురింటి మాస్టారి చేతిలో. ఒకరి వార్తలు ఒకరికి చదివి వినిపించుకునేవాళ్లు. పోస్ట్‌మాన్, పాలవాడు, ఎండలో గంప దించుకునే కూరగాయల అవ్వ, అందరికీ ఆ అరుగు ఆసరా. మూలన ఒక మట్కా, దానిపైన గ్లాసు. దర్వాజాకు చిల్మన్ వేలాడేది. లోపల నుంచి అమ్మీకి వీధి మొత్తం కనిపించేది, వీధికి అమ్మీ కనిపించేది కాదు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరిమీదికి వచ్చాయి. కర్నూలువాళ్లకు ఆ రోజులు చెప్పాల్సిన పని లేదు. నీళ్లు తీసిన తర్వాత ఇంట్లో మిగిలింది బురద. మరుసటి ఏడాది ఇంటిని బాగుచేయించాం. ఇంకోసారి నీళ్లు రాకూడదని నేల మట్టం మూడడుగులు లేపాం. అక్కడిదాకా సబబే. ఆ తర్వాత చేసిందంతా నా షోకు. అరుగు తీయించి బండి పెట్టుకునే జాగా చేశాను. మూడడుగుల ఎత్తుకు నాలుగే నాలుగు మెట్లు, ఒక్కొక్కటి తొమ్మిది అంగుళాలు. వాటిమీద అద్దంలా మెరిసే గ్రానైట్. వీధివైపు ఇనప రేకు గేటు, మనిషి వెళ్లడానికి అందులో చిన్న తలుపు.

అబ్బా ఏమీ అనలేదు. పని నడుస్తుండగా ఒక్కసారి మాత్రం "బేటా, చబూత్రా రహ్నే దే" అన్నారు. "బండి ఎక్కడ పెట్టాలి అబ్బా?" అన్నాను. ఆయన తలూపి లోపలికి వెళ్లిపోయారు. తర్వాత పేపర్ హాల్లో సోఫామీద కూర్చుని చదివేవారు. ఎదురింటి మాస్టారు రెండుమూడుసార్లు గేటు దాకా వచ్చి, లోపల ఎవరున్నారో కనపడక, గేటు కొట్టాలా వద్దా అని కాసేపు నిలబడి వెళ్లిపోయారట. ఇది నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

2018లో వానల్లో అబ్బా ఇంతకాల్ అయ్యారు. గుసుల్, కఫన్ ఇంట్లోనే జరిగాయి. జనాజా లేచే వేళకు సన్నటి వాన. డోలా దర్వాజా దాటి వచ్చింది, మెట్ల దగ్గర ఆగిపోయింది. మెట్లు నిటారుగా ఉన్నాయి, గ్రానైట్ తడిసి ఉంది, ముందున్న ఇద్దరూ ఒక మెట్టు దిగేసరికి డోలా ముందుకు ఒరిగింది. భుజాల మీంచి చేతుల్లోకి దించుకున్నారు. కింద గేటు దగ్గర తిప్పడానికి చోటు లేదు. చిన్న తలుపులో పట్టదు. పెద్ద గేటు తీద్దామంటే దాని వెనక రెండు బండ్లు. ఒకడు తాళం చెవుల కోసం లోపలికి పరుగెత్తాడు. మా చిన్న మామూ కాలు జారింది. ఎదురింటి మాస్టారు, డెబ్బై దాటిన మనిషి, వీధిలోంచి వచ్చి కింద నుంచి డోలాను రెండు చేతులతో ఆపి పట్టుకున్నారు.

అంతా కలిపి రెండు మూడు నిమిషాలు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగో రోజు పలకరింపుకు వచ్చినప్పుడు మాస్టారు మాటల్లో అన్నారు: "ఆ అరుగు ఉండుంటే ఒక్క నిమిషం దానిమీద దించేవాళ్లం కదా నాయనా." నిష్ఠూరంగా అనలేదు. ఉన్న విషయం చెప్పినట్టు చెప్పారు. అందుకే నాకు గుచ్చుకుంది.

అప్పటి నుంచీ ఏ ఇంటికి వెళ్లినా నా కళ్లు ముందు దెహ్లీజ్ మీదికే పోతాయి. చూసి చూసి నాకు అర్థమైంది ఒకటే. ఇంటి ముందు భాగాన్ని మనవాళ్లలో కొందరు షాన్ కోసం కడుతున్నారు, ఎక్కువమంది అసలు పట్టించుకోవడం మానేశారు. చూడ్డానికి ఈ రెండూ వేరువేరు. కానీ రెండింట్లోనూ ఒకే పొరపాటు ఉంది. ఆ జాగా మన ఒక్కరిదే అనుకోవడం. నా మటుకు నాకు, గోడ లోపల ఇల్లు మనది. దర్వాజా ముందున్న ఆరడుగుల్లో మాత్రం వచ్చేవాడికి, పోయేవాడికి, పడోసికి హక్కు ఉంది. దాన్ని అందంగా పెట్టుకోవడం అంటే ఆ హక్కు అదా చేయడమే.

ఇది నా సొంత ఫల్సఫా కాదు, మన మాటల్లోనే ఉంది. ఫార్సీలో 'దర్' అంటే తలుపు. దర్వాజా, దర్బాన్, దర్బార్, దర్గా అన్నీ ఆ తలుపులోంచి వచ్చినవే. హైదరాబాద్‌లో నవాబుల హవేలీలను దేవ్‌డీలు అంటారు. ఉర్దూలో 'డ్యోఢీ' అంటే అసలు అర్థం ఇంటి ప్రవేశం, గుమ్మం దగ్గరి జాగా. అంతంత మహళ్లకు వాటి గుమ్మం పేరే పెట్టారు! సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో మొదట తెరిచింది వాళ్ల దివాన్ దేవ్‌డీలోనే, 1968లో ఇప్పటి బిల్డింగుకు మారింది. ఆ దేవ్‌డీ వైభవం పోయింది, పేరు మాత్రం బజారు నోట్లో ఉంది. తెలుగులోనూ అంతే. మా రాయలసీమలో వాకిలి అంటే తలుపు. కోస్తా, తెలంగాణల్లో వాకిలి అంటే ఇంటిముందు జాగా. తలుపూ, దాని ముందున్న నేలా వేరు కాదని ఈ భాష మాట్లాడేవాళ్లకు ఎప్పుడో తెలుసు.

ఇక దీన్ మాటకు వద్దాం. ఇతరుల ఇంట్లోకి అనుమతి అడగకుండా, సలాం చెప్పకుండా వెళ్లొద్దని, వెనక్కి వెళ్లమంటే వెళ్లిపొమ్మని సూరే నూర్‌లో హుకుం ఉంది. మూడుసార్లు ఇజాజత్ అడిగి జవాబు రాకపోతే తిరిగి వెళ్లమని హదీసుల్లో ఉంది. హుజూర్ (స) ఎవరి ఇంటికైనా వెళితే దర్వాజాకు ఎదురుగా కాక, కుడిపక్కనో ఎడమపక్కనో నిలబడేవారని కూడా ఉంది. ఈ అదబ్ మన పిల్లలకు మద్రసాలో నేర్పిస్తున్నాం. మంచిదే. మరి ఆ పిల్లవాడు మన ఇంటికి వచ్చి పక్కకు నిలబడాలంటే పక్కన ఏముంది? ఒక పక్క మోరీ, ఇంకో పక్క బండి సైలెన్సర్. నెత్తిమీద ఎండ. సున్నత్ అమల్ చేయడానికి వచ్చిన మెహమాన్‌కు రెండడుగుల నీడ లేని ఇంటికి పైన ఎన్ని స్పాట్ లైట్లు ఉంటే ఏం లాభం?

దారిలోంచి తక్లీఫ్ ఇచ్చే వస్తువు తీసేయడం ఈమాన్ శాఖల్లో ఒకటి అని మనందరికీ తెలుసు. రోడ్ల పక్కన కూర్చోవద్దని హుజూర్ (స) సహాబాలకు చెప్పినప్పుడు, మాట్లాడుకోవడానికి మాకు అదే చోటు అని వాళ్లు విన్నవించుకున్నారు. అయితే దారికి దాని హక్కు ఇవ్వండి అన్నారాయన. చూపు దించుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాంకు జవాబివ్వడం, మంచి చెప్పి చెడు ఆపడం. అరుగుమీద కూర్చునేవాడికి ఇంతకన్నా మంచి ఖానూన్ ఎక్కడ దొరుకుతుంది? ఇంటిగోడ ముందుండే ఆ కాస్త జాగాకు ఫిఖ్‌హ్‌లో 'ఫినా' అని ఒక పేరే ఉంది. ఇంటివాడు వాడుకోవచ్చు, వచ్చేపోయేవాళ్లకు నష్టం లేనంతవరకే. మనం ఏం చేస్తున్నాం? బండి లోపలికి ఎక్కడానికి ర్యాంపును రోడ్డుమీదికి నాలుగడుగులు దించుతున్నాం. కింద మోరీ మూసుకుపోతుంది, మున్సిపాలిటీ మనిషి శుభ్రం చేద్దామన్నా చెయ్యి దూరదు. వాన వస్తే ఆ నీళ్లు పడోసి గడపలోకి. గేటు బయటికి తెరుచుకునేట్టు పెడతాం, సైకిల్ మీద వెళ్లే పిల్లాడికి తగులుతుంది. పైన 'మాషా అల్లాహ్' టైల్, కింద మోరీ నీళ్లు. ఆ టైల్ చూసి అడుగు ముందుకేసినవాడి కాలు ఆ నీళ్లలో పడుతోంది.

ఈ మాటలు మొహల్లాలో అంటే నాలుగు జవాబులు వస్తాయి. నాలుగూ కొట్టిపారేసేవి కావు.

మొదటిది పర్దా. "ముందు భాగం తెరిచి పెడితే ఆడవాళ్లు ఇంట్లో ఎట్లా తిరుగుతారు?" పర్దా ఉండాల్సిందే. కానీ పర్దాకు ఇనప రేకు ఒక్కటే దారా? పగలు వెలుతురు బయట ఎక్కువ, లోపల తక్కువ. జాలీ కానీ చిల్మన్ కానీ అడ్డం ఉంటే లోపలివాళ్లకు బయట కనపడుతుంది, బయటివాళ్లకు లోపల కనపడదు. రాత్రి లోపల లైటు వేస్తే ఇది తిరగబడుతుంది, అప్పుడు వెనక ఒక గుడ్డ పర్దా దించితే చాలు. పాతవాళ్లు ఇది బాగా ఎరుగుదురు. హైదరాబాద్ సంతోష్‌నగర్ వైపు వెళ్లినప్పుడు పైగా మఖ్బరాలు చూడండి. గచ్చు పనితనంతో జాలీలను ఎంత నాజూకుగా చేశారో! ఇంకో ఉపాయం కూడా వాళ్లదే. గేటుకూ మెయిన్ డోర్‌కూ ఎదురెదురు పెట్టకుండా కాస్త పక్కకు జరపడం, లేదా మధ్యలో ఒక అడ్డుగోడ. దర్వాజా తీసి ఉన్నా వీధిలోవాడి చూపు గోడకు తగిలి ఆగుతుంది. రేకు గేటుతో పోయేది గాలీ వెలుతురే కాదు. ఇంట్లో ఉండే ఆడవాళ్లకు వీధి పోతుంది. అమ్మీ చిల్మన్ వెనక నుంచి కూరగాయలు బేరం చేసేది, పక్కింటి వదినతో మాట్లాడేది. రేకు వచ్చాక అమ్మీకి మిగిలింది టీవీ.

రెండోది భయం. ఇది దొంగల భయం ఒక్కటే కాదు, మనందరికీ తెలుసు. "రోజులు బాగాలేవు భాయ్, గోడ ఎత్తుగా ఉంటే మంచిది" అంటారు. నేను జర్నలిస్టును, రోజులు ఎట్లా ఉన్నాయో నాకూ తెలుసు. ఆ భయాన్ని చిన్నచేసి మాట్లాడను. తలుపు గట్టిదే పెట్టుకోండి, గ్రిల్ పెట్టుకోండి, కెమెరా పెట్టుకోండి. కానీ మా నాపరాళ్ల అరుగు ఉన్నంతకాలం ఆ వీధిలో పది ఇళ్లవాళ్లకు అబ్బా ఎవరో తెలుసు. రేకు పెట్టిన తర్వాత కిరాయికి వచ్చిన కుటుంబాలకు మా గేటు రంగు తప్ప మేం తెలియదు. కష్టం వస్తే పరుగెత్తుకొచ్చేది మనల్ని ఎరిగినవాడే. డోలాను కింద నుంచి పట్టుకున్నది అరుగుమీద అలవాటైన చేతులే.

మూడోది దిఖావా. "ఇంటి ముందు సోకులు చేయడం ఇస్రాఫ్ కదా?" నిజమే, చాలావరకు ఇస్రాఫే. గోడకు అతికించే ఖరీదైన క్లాడింగ్, ఎవరికోసం వెలుగుతున్నాయో తెలియని పన్నెండు లైట్లు, రోజూ బోరు నీళ్లతో కడిగే గ్రానైట్. మా సీమలో నీళ్లు అట్లా పారబోయడం గునాహ్ అనే అనుకుంటా. కానీ ఒక నీడ, ఒక జారని మెట్టు, ఒక మొక్క దిఖావా కావు. తేడా తెలుసుకోవడానికి నేను ఒక్క సవాలు వేసుకుంటా. ఇది ఎవరైనా చూడ్డానికా, ఎవరైనా వాడుకోవడానికా? నియ్యత్ అక్కడ తేలిపోతుంది.

నాలుగోది గరీబీ. "మేం ఉండేది కిరాయి ఇల్లు, వీధి ఇరవై అడుగులు కూడా లేదు, మున్సిపాలిటీ మా గల్లీకి వారానికోసారి కూడా రాదు. మాకెందుకు ఈ నీతులు?" దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. మన మొహల్లాల్లో చెత్త పేరుకుపోవడంలో పెద్ద వాటా పట్టించుకోని యంత్రాంగానిది. పన్ను కట్టే మనుషులుగా దాన్ని గట్టిగా అడగాలి, అర్జీ పెట్టాలి, మళ్లీ పెట్టాలి. "సాయిబుల వీధులు ఇంతే" అనే ఎత్తిపొడుపుకు జవాబుగా నేను సఫాయి గురించి మాట్లాడటం లేదు, అట్లా అనేవాళ్లు మనం పాలరాయి పరిచినా ఇంకోటి వెదుక్కుంటారు. కానీ పొద్దున్నే రెండు నిమిషాలు చీపురు తోయడానికి మున్సిపాలిటీ ఇజాజత్ అక్కర్లేదు. చెప్పులకు ఒక చెక్క, చెత్తకు మూత ఉన్న బకెట్, ఒక కుండీ. కిరాయి ఇంటికీ ఇవి చెల్లుతాయి. బక్రీద్ నాడు ఖుర్బానీ తర్వాత రక్తం గల్లీలోకి పారకుండా, వ్యర్థాలు మూత ఉన్న డబ్బాలో కట్టి పెట్టడానికి డబ్బు కాదు, కాస్త ముందుచూపు కావాలి.

ఇక పని మాట. కట్టేవాళ్లు, బాగుచేయించేవాళ్లు ఏం చూసుకోవాలో నేను దెబ్బతిని నేర్చుకున్నంతవరకు చెబుతాను.

అన్నిటికన్నా ముందు మెట్లు. మెట్టు ఎత్తు ఆరు అంగుళాలు మించకుండా, కాలు మోపే వెడల్పు పన్నెండు అంగుళాలు ఉండేట్టు మేస్త్రికి గట్టిగా చెప్పండి. మూడడుగుల ఎత్తుకు ఆరు ఎత్తులు వస్తాయి, అయిదారు అడుగుల నిడివి పడుతుంది. వీధికి ఎదురుగా చోటు లేకపోతే మెట్లను గోడవెంట పక్కకు తిప్పండి. పైన దర్వాజా ముందు కనీసం నాలుగడుగుల చదరం ఉండాలి, నిలబడటానికీ తిరగడానికీ. ఒక పక్కన చేతికి పట్టుకునే కడ్డీ. చక్రాల కుర్చీ ఇంట్లో ఉంటే ర్యాంపు లెక్క వేరు. అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల నిడివి కావాలి, అంటే మూడడుగులకు ముప్ఫై ఆరడుగులు. చిన్న జాగాలో అది కుదరదు కాబట్టి, వరద భయం లేని చోట నేల మట్టం అసలు ఎంత లేపాలో ముందే ఆలోచించుకోండి. ఎత్తు షాన్ కాదు.

రాయి సంగతి. మెరిసే గ్రానైట్ షోరూములో బాగుంటుంది, వాన పడితే సబ్బు బిళ్ల. గ్రానైటే కావాలంటే ఫ్లేమ్‌డ్ లేదా లెదర్ ఫినిష్ అడగండి. మన చేతికందే బేతంచెర్ల నాపరాయి, పాలిష్ చేయనిది, కాలికి పట్టు ఇస్తుంది. నల్ల కడప బండ అందమే కానీ ఎండ నేరుగా పడేచోట మే నెలలో ఉత్త కాళ్లతో నిలబడలేరు. నీడలో వేయించండి.

గేటు లోపలికి కానీ పక్కకు కానీ తెరుచుకోవాలి. మనిషి వెళ్లే తెరుపు నాలుగున్నర అడుగులు ఉంటే మంచం పడుతుంది, స్ట్రెచర్ పడుతుంది, డోలా పడుతుంది. మంగళకరమైన మాట కాదని వదిలేయకండి. దుల్హన్ వచ్చేదీ ఆ దర్వాజాలోంచే, మనం వెళ్లేదీ ఆ దర్వాజాలోంచే.

మోరీ మీద సిమెంటు పోయకండి. ఎత్తి తీయగలిగే ఇనప జాలీ వేయండి. మిద్దెమీది వాననీటి పైపును వీధిలోకి వదలకుండా ఇంకుడు గుంతకు కలపండి. 2002 నాటి వాల్టా చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది, మనం దాన్ని ప్లాను కాగితం దాకానే ఉంచాం. ఆ గుంత పక్కన ఒక మెహెందీ కంచె పెట్టండి. గోరింట ఎండకు తట్టుకుంటుంది, కత్తిరించేకొద్దీ గుబురు కడుతుంది, పర్దా కూడా అవుతుంది. రంజాన్ చాంద్ రాత్ నాడు వీధి ఆడపిల్లలంతా మీ ఇంటికే వస్తారు. జాగా లేదంటే ఒక కుండీలో సబ్జా. అరబ్బీలో దాన్ని రైహాన్ అంటారు, సూరే రహ్మాన్‌లో ప్రస్తావన ఉంది. ఇఫ్తార్ షర్బత్‌లో వేసే గింజలు దానివే. కుండీ కింద పళ్లెంలో నీళ్లు వారానికోసారి పారబోయండి, డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఆ తేట నీళ్లలోనే. నాటిన మొక్క నుంచి మనిషి తిన్నా పిట్ట తిన్నా నాటినవాడికి సదఖా అన్నారు. ఇంతకన్నా చవక సదఖా నాకు తెలియదు.

లైటు ఒక్కటి చాలు, మెట్లమీద పడేట్టు. ఎదుటివాడి కళ్లలో కాదు. నేమ్‌ప్లేటు ఉర్దూలోనూ తెలుగులోనూ రాయించండి. ఉర్దూ మన జబాన్, తెలుగు మన వీధి చదివే భాష. అందులో ఇంటి ఆవిడ పేరు కూడా ఉంటే తప్పేమీ లేదు.

మా ఇంటికి ఇవన్నీ అబ్బా పోయిన ఏడాది చివర్లో చేయించాను. గ్రానైట్ తీసి నాపరాళ్లు వేయించాను, మెట్లు గోడవెంట తిప్పించాను, గేటు రేకును నడుము ఎత్తుకు కోయించి పైన జాలీ పెట్టించాను. బండ్లు పక్క సందులోకి వెళ్లాయి. చిన్న అరుగు ఒకటి మళ్లీ వచ్చింది. ఏడు రోజుల పని. ఆ ఏడు రోజుల పని 2010లోనే చేసి ఉండొచ్చు కదా అనే మాట నాకు ఇప్పటికీ నిద్రలో తగులుతుంది. అమ్మీ సాయంత్రం అసర్ తర్వాత జాలీ వెనక కుర్చీ వేసుకుంటుంది. మాస్టారు కర్ర పోటేసుకుంటూ వచ్చి అరుగుమీద కూర్చుంటారు. తెలుగు పేపర్ ఆయనే తెచ్చుకుంటారు, ఉర్దూ పేపర్ నేను చదివి వినిపిస్తాను. అబ్బా అంత బాగా చదవలేనని ఆయన అభిప్రాయం.

మొన్న రాత్రి మా ఆపా కొడుకు ఇంకో బొమ్మ పంపాడు. గేటు సగం జాలీ అయింది. మెట్లు నాలుగు నుంచి ఆరయ్యాయి. గాజు రెయిలింగ్, మూడు స్పాట్ లైట్లు అట్లాగే ఉన్నాయి. ఉండనీ, వాడి ఇల్లు, వాడి ముచ్చట.

కింద ఒక సవాల్ రాశాడు: "మామూ, చబూత్రా ఎత్తు ఎంత పెట్టమంటారు?"

"పద్దెనిమిది అంగుళాలు" అని రాశాను. మీ నానా కూర్చున్న అరుగు అంతే ఉండేది.

ఖుదా హాఫిజ్. దువాల్లో యాద్ ఉంచుకోండి.